ఆరో రోజున విప్పిన సెంట్రింగ్

మా ఆయనకి తాగుడు లేదు, జూదం లేదు, ఇంకో ఆడదాని గొడవ అసలే లేదు. అందుకే ఇరవై రెండేళ్ళలో నేను ఎవరి దగ్గరా కాస్త సానుభూతి సంపాదించుకోలేకపోయాను. ఆయన జబ్బల్లా ఒక్కటే. పని చేసే చోటుని సాయంత్రం ఇంటికి మోసుకొచ్చి భోజనాల బల్ల మీద దింపుతాడు. చుట్టుపక్కల ఇళ్ళలో మగవాళ్ళు సూపు తాగి, నోరు మెదపకుండా పడుకుంటారట. మా తిహోమిర్ మేస్త్రీ చెంచా ఎత్తితే ఇటుక, దించితే సిమెంటు. ఎవరి గోడ ఎన్ని వరసలు లేచింది, ఎవరి ఇసకలో మట్టి కలిసింది, ఎవరి కూలీ గోడ నిటారు చూసే తూకం గుండుని బావిలో పడేశాడు, అన్నీ చెబుతాడు. నేను రొట్టెతో పాటు మింగుతాను. మా మొరావిత్సా లోయలో ఏ గోడ ఎటు వంగిందో నన్నడగండి, చెబుతాను. మా ఇంటి గోడలకి మాత్రం బయటివైపు ఈనాటికీ ప్లాస్టరింగు లేదు. "వచ్చే ఏడు" అంటాడు. మా పెళ్ళికి వచ్చినవాళ్ళతోనూ అదే అన్నాడు.

నేను కాలేజీలో సాహిత్యం చదివాను. ఆ పట్టా టేబుల్ గుడ్డల అరలో, పండగ గుడ్డల కింద ఉంది. ఆ చదువు ఇన్నేళ్ళుగా చలికాలానికి పెట్టే బుంగమిరప పచ్చడి సీసాల మీద చీటీలు రాయడానికి ఉపయోగపడింది. చీటీలు చక్కగా ఉంటాయని అందరూ అంటారు.

మా అమ్మాయి యాగొద వాళ్ళ నాన్న దారి పట్టింది. పట్నంలో, యూనివర్సిటీలో నిర్మాణ ఇంజనీరింగ్ టెక్నాలజీ చదువుతోంది. ఇల్లు ఎలా నిలబడాలో లెక్క కట్టేవాళ్ళు వేరట, ఆ లెక్క ప్రకారం దగ్గరుండి నిలబెట్టించేవాళ్ళు వేరట. మా పిల్ల రెండో రకం. అది ఆ కోర్సులో చేరిన రోజున తిహోమిర్ ఊళ్ళో కనపడినవాడికల్లా చెప్పాడు. "నేను చేత్తో చేసేదాన్ని మా పిల్ల తలతో చేస్తుంది" అని. కిందటి వేసవిలో ఆ పిల్ల నిజంగానే హెల్మెట్ పెట్టుకుని పనిలోకి వచ్చేసరికి ఆయన ముఖం మారిపోయింది.

సంగతేమిటంటే, రెండో ఏడు ముగిశాక ప్రతి విద్యార్థీ ముప్ఫై పనిదినాలు ఏదో ఒక కట్టడం దగ్గర ఉండాలి. ఏ రోజు ఏం చూశారో నీలం అట్ట పుస్తకంలో రాయాలి. ఆఖర్న అక్కడి ఇంజనీరు సంతకం పెట్టి ముద్ర వేయాలి. అప్పుడు తిహోమిర్ మా కుమ్ రాదిసావ్ ఇంటి మీద పై అంతస్తు కడుతున్నాడు. కుమ్ అంటే మా పెళ్ళికి సాక్షి, మా పిల్లకి పేరు పెట్టినవాడు. మా వైపు ఆ చుట్టరికం ముందు తోడబుట్టినవాళ్ళు కూడా కొంచెం జరిగి కూర్చుంటారు. రాదిసావ్ కొడుక్కి పెళ్ళి కుదిరింది, కొత్త జంటకి పై అంతస్తు కావాలి.

యాగొద మొదటి రోజు పొద్దున్న వెళ్ళింది. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"నాన్న పొమ్మన్నాడు."

"ఎందుకు?"

"ఒకడెవడో 'మేస్త్రీ, కూలీలు దొరక్క కూతుర్ని తెచ్చుకున్నావా' అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, తర్వాత నన్ను పక్కకి పిలిచి, పిన్ని వాళ్ళ తోటలో రాస్ప్‌బెర్రీలు కోతకొచ్చాయి, అక్కడికెళ్ళు, సంతకం నేను పెట్టిస్తాను అన్నాడు."

వెళ్ళింది. జులై, ఆగస్టు రెండు నెలలూ కొండ మీద పళ్ళు కోసింది. చేతులు ఎర్రగా తిరిగొచ్చింది. ఇక్కడ రాదిసావ్ ఇంటికి స్లాబు పడింది, గోడలు లేచాయి. రోజూ సాయంత్రం ఆ ఇల్లు మా బల్ల మీద కొంచెం కొంచెంగా పైకి వచ్చింది.

సెప్టెంబరులో నేను పెరట్లో మిరపకాయలు కాలుస్తుంటే యాగొద ఆ నీలం పుస్తకం పట్టుకుని వచ్చి నిలబడింది.

"అమ్మా, ప్రొఫెసర్‌తో చెప్పేస్తాను. సగం రోజే ఉన్నానని."

"చెబితే?"

"వచ్చే వేసవిలో మళ్ళీ చేయమంటుంది. చేస్తాను. కొంపలేం మునగవు."

"ఏడాది వెనకబడతావా?"

"వెనకబడను. ఆ ఒక్కటీ మిగులుతుంది, అంతే."

"మిగిలిపోయినవి ఈ ఇంట్లో ఇప్పటికే చాలా ఉన్నాయి, గోడలు చూడు. ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

"అమ్మా, వద్దు."

"నీ క్లాసులో ఎంతమంది నిజంగా ముప్ఫై రోజులూ నిలబడ్డారో చెప్పు చూద్దాం."

 నేను మసి చేతులు కడుక్కుని పుస్తకం లాక్కున్నాను. నిజంగానే లాక్కున్నాను. దాని చేతిలోంచి వెంటనే రాలేదు.

తొమ్మిది రోజుల్లో ముప్ఫై రోజులూ రాశాను. పొయ్యి మీద సీసాలు మరుగుతుంటే పక్కన కూర్చుని రాశాను. ఒక్కమాట ఒప్పుకోవాలి, నాకు చాలా బాగుంది. చీటీ మీద "మిరప, సెప్టెంబరు" అని రాసే మనిషికి ముప్ఫై పేజీలు దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కల్పించాల్సిన అవసరమే రాలేదు. తిహోమిర్ చెప్పినవన్నీ తలలో వరసగా ఉన్నాయి. స్లాబు పోసిన రోజు ఊరు ఊరంతా సాయానికి రావడం రాశాను. కలిపిన కాంక్రీటు మాల్ గట్టిగా ఉందని, కదలడం లేదని పైనుంచి రాదిసావ్ అరిస్తే మిక్సరులో ఇంకో మూడు బకెట్ల నీళ్ళు కుమ్మరించడం రాశాను. ఆరో రోజున సెంట్రింగ్ విప్పడం గురించైతే పేజీన్నర రాశాను. స్లాబు గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగ్ కర్రలు మా ఊళ్ళో ఒక్క ఇంటికి సరిపడానే ఉన్నాయి. ఒక ఇంట్లో పని అయ్యాక ఇంకో ఇంటికి వెళ్తాయి. వేసవిలో ఆస్ట్రియా నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళంతా ఆ మూడు వారాల్లోనే స్లాబు పోయించుకోవాలి. రాదిసావ్ పక్కింటి మిలూన్ తమ్ముడు శనివారం స్లాబు పెట్టుకున్నాడు, కర్రలు కావాలన్నాడు. కాబట్టి రాదిసావ్ ఇంట్లోంచి ఆరో రోజునే తీసి, ట్రాక్టరు మీద వేసి, పాడుకుంటూ తీసుకెళ్ళారు. ట్రాక్టరు వెనక కుక్క పరిగెత్తడం కూడా రాశాను.

అది తప్పు పని అని నాకు తెలియదు. పేజీ బాగా వచ్చిందని మాత్రం తెలుసు.

సంతకం పెట్టిన ఇంజనీరు కారు దిగకుండానే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ముద్ర వేశాడు. యాగొద ఆ పుస్తకం తెరవలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని సంచిలో పడేసుకుని బస్సెక్కింది.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం వచ్చింది. కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. తిహోమిర్ మాంసం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు తింటున్నాడు.

"ప్రొఫెసర్ కొసార నా డైరీ క్లాసులో చదివింది" అంది.

నా చెవులు వేడెక్కాయి. "ఏ పేజీలు?"

"అమ్మా!"

"ఊరికే అడిగానే."

"పదేళ్ళలో ఇంత బాగా రాసిన డైరీ చూడలేదంది."

నేను చప్పుడు చేయకుండా స్టవ్ వైపు తిరిగాను. నా ముఖం ఎవరికీ కనపడకూడదని. ఇరవై రెండేళ్ళ తర్వాత నా రాతని ఒకరు మెచ్చుకున్నారు, అదీ ఒక ప్రొఫెసరు.

"ఇది రాసిన అమ్మాయికి కళ్ళున్నాయి అంది" యాగొద చెబుతూనే ఉంది. "తర్వాత, కానీ నోరు లేదు అంది. ఆరో రోజున సెంట్రింగ్ విప్పుతుంటే చూస్తూ నిలబడి, ఇంటికొచ్చి కుక్క గురించి రాసింది అంది. క్లాసంతా నా వంక చూశారు. ఆ స్లాబు కింద మనుషులున్నారా అని అడిగింది. నాకేం తెలుసు? నా డైరీలో ఏముందో నాకే తెలీదు. తల దించుకుని నిలబడ్డాను. శుక్రవారం చూడటానికి వస్తున్నారు. ఆవిడా, ముగ్గురు స్టూడెంట్లూ."

తిహోమిర్ చెంచా కింద పెట్టాడు.

"నేను తిండి తింటూ చెప్పినవన్నీ రాశావా?" అన్నాడు నాతో.

"చెప్పనివి రాయడానికి నాకంత ఊహాశక్తి లేదుగా."

"మూడు బకెట్లు కూడా?"

"మూడూ."

"పోనీ ఒకటి తగ్గించి రాయలేకపోయావా!" అన్నాడు.  ఆ డైరీ అంతా కట్టుకథ అంటే ఆయన పేరు నిలుస్తుంది, పిల్ల మునుగుతుంది. అంతా నిజమంటే పిల్ల గట్టెక్కుతుంది, లోయలో ఆయనకి ఎవరూ ఇల్లు కట్టే పని ఇవ్వరు. ఆయన లెక్క తేలిగ్గానే తేలింది.

"స్లాబు సంగతి నేను ఒప్పుకుంటా" అన్నాడు. "కానీ పిల్ల అక్కడ లేదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తకండి. ముప్ఫై రోజులూ ఉంది. అంతే."

యాగొద మా ఇద్దరి వంకా చూసింది.  కోటు అలాగే ఉంది ఒంటి మీద.

రాదిసావ్‌కి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. యూనివర్సిటీ వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తున్నారని మాత్రం తిహోమిర్ చెప్పాడు. దాంతో మా కుమ్ శుక్రవారం పొద్దున్నే టై కట్టుకున్నాడు. రాదిసావ్ టై కట్టుకోవడం నేను మా పెళ్ళిలో చూశాను, మళ్ళీ ఆ రోజే. ఇరుగుపొరుగుని పిలిచాడు. మిలూన్ వచ్చాడు. వాకిట్లో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, పొగలో ఎండిన మాంసం, ప్లమ్ పళ్ళ సారా సీసా పెట్టారు. నేను జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. ఏదో ఒకటి చేతిలో లేకపోతే అక్కడ నిలబడలేనని తోచింది.

"చూశావా వదినా" అంది నాతో రాదిసావ్ భార్య పెర్సిద, మెరిసిపోతూ. "మన యాగొద రాసిన రాతకి మా ఇల్లు యూనివర్సిటీకెక్కింది!"

నేను పళ్ళేన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ప్రొఫెసర్ కొసార పొట్టి మనిషి. కాళ్ళకి రబ్బరు బూట్లు. రాదిసావ్ సారా గ్లాసు అందించాడు.

"పని అయ్యాక" అందావిడ. "ఇంట్లో ఎవరైనా ఉంటే బయటికి రమ్మనండి."

మేమంతా గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే ముగ్గురు విద్యార్థులు కింది గదిలో ఒక గోడ నుంచి ఎదుటి గోడకి స్లాబు కిందుగా దారం లాగి కట్టారు. చివర్ల దగ్గర స్లాబుకీ దారానికీ మధ్య జానెడు ఎడం ఉంది. నడిమధ్యన ఒకడు చెయ్యి పెట్టి చూస్తే మూడు వేళ్ళ మేర తగ్గింది, అంటే స్లాబు అక్కడ అంత కిందికి దిగింది. తర్వాత సుత్తిలాంటి పరికరంతో స్లాబుని అక్కడక్కడా కొట్టి అది ఎంత గట్టిగా ఉందో అంకెలు రాసుకున్నారు. ఒక కుర్రాడు అంకె చెప్పి ప్రొఫెసర్ వంక చూశాడు. ఆవిడ మళ్ళీ కొట్టమంది. మళ్ళీ అదే అంకె.

"ఏంటి, ఏం చూస్తున్నారు?" అన్నాడు రాదిసావ్. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది కానీ దానికి ఏం చేయాలో తోచడం లేదు.

తిహోమిర్ టోపీ తీశాడు.

"కుమ్, నేను ఆరో రోజున సెంట్రింగ్ విప్పాను. మూడు వారాలైనా ఉంచాలి. నాకు తెలుసు. నీళ్ళు కూడా మూడు బకెట్లు ఎక్కువ పోశాను."

"అదేంటి! పొయ్యమన్నది నేనే కదా."

"నువ్వు అంటే పోస్తానా? మేస్త్రీ నువ్వా నేనా?"

రాదిసావ్ పైకి చూశాడు. వాళ్ళబ్బాయి గది అక్కడ. మిలూన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ కర్రలు వాళ్ళ తమ్ముడింటికే వెళ్ళాయి మరి.

"పడిపోతుందా?" అంది పెర్సిద. అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు.

"ఇవాళ పడదు" అంది ప్రొఫెసర్. "ఇవాళే మళ్ళీ కర్రలు నిలబెట్టండి. మధ్యలో కింద ఒక దూలం రావాలి, దాని లెక్క నేను పంపిస్తాను. అంతదాకా పైన ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు, పైకప్పు అసలే వద్దు."

"పెళ్ళి నవంబరులో అండీ" అన్నాడు రాదిసావ్.

ప్రొఫెసర్ యాగొద వైపు తిరిగింది. "ఇటు రా. ముందు ఏ కర్ర తీశారు? స్లాబులో బీట ఎక్కడ మొదలైందో దాన్ని బట్టి తెలుస్తుంది. అది నీ డైరీలో లేదు."

మా పిల్ల ఆ గదిలోకి వెళ్ళి తలెత్తి చూసింది. ఈ మూల చూసింది, ఆ మూల చూసింది. తను సగం రోజుకి మించి నిలబడని ఇల్లు. బావి వైపున్న కర్రని ముందు తీశారట, తీస్తుంటే పైన స్లాబు చిటుక్కుమందట, తిహోమిర్ ఆ రోజు బీన్స్ సూపు తింటూ చెప్పాడు. పేజీ నిండిపోయిందని నేనే వదిలేశాను. బడిలో పక్కదానికి జవాబు అందించినట్టు "బావి వైపు" అని నా పెదవులు కదిలాయి కూడా. యాగొద చూసింది. చూసి, తల తిప్పేసుకుంది.

"నాకు తెలీదు ప్రొఫెసర్ గారూ" అంది. "నేను ఇక్కడ లేను. సగం రోజే ఉన్నాను."

వాకిట్లో ఎవరి గ్లాసో బల్లకి తగిలింది.

"దాన్ని నేనే పంపేశాను" అన్నాడు తిహోమిర్, టోపీ నలుపుతూ. "వాళ్ళు నవ్వారని."

ఆవిడ ఆయన వంక చూడలేదు. "మరి ఈ డైరీ?"

"నేనే రాశాను" అంది యాగొద. "నాన్న చెప్పినవి విని."

నేను మాట్లాడొచ్చు. అప్పుడే మాట్లాడొచ్చు. కానీ పెర్సిద నా పక్కనే ఉంది. మిలూన్ ఉన్నాడు, వాళ్ళావిడ ఉంది, ఊళ్ళో నన్ను చదువుకున్న మనిషి అని పిలిచేవాళ్ళంతా ఉన్నారు. నా చేతిలో పళ్ళెం ఉంది. పిల్ల తన మీద వేసుకుంది కదా, పిల్లలకి చిన్న శిక్షలే వేస్తారు, అని నాలో ఒక గొంతు అంది. ఆ గొంతు ఎంత మర్యాదగా మాట్లాడిందో చెప్పలేను.

ప్రొఫెసర్ నీలం పుస్తకం మూసింది. కోప్పడి ఉంటే నయంగా ఉండేది.

"ఇక్కడికి రాకపోవడం పెద్ద నేరం కాదు. రాలేదని చెప్పినవాళ్ళని వచ్చే వేసవి పంపిస్తాను, ప్రతి ఏడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. కానీ ముప్ఫై పేజీలు ఇంత ఓపిగ్గా, ఇంత అందంగా అబద్ధం రాసిన చేతికి రేపు ఒక కట్టడం రిజిస్టరు ఎలా ఇవ్వను? అందులో నువ్వు ఏది రాస్తే అది నమ్మి జనం ఆ కప్పు కింద పడుకుంటారు. నీ పేరు నా విద్యార్థుల జాబితాలోంచి తీసేస్తాను." పుస్తకం చంకలో పెట్టుకుని అడిగింది. "ఒక్కటి చెప్పు. ఒక్కసారైనా వచ్చి నాతో నిజం చెప్పాలనిపించలేదా నీకు?"

 యాగొద ముఖం చెవుల దాకా ఎర్రబడింది. నా వైపు మాత్రం చూడలేదు. చూస్తే నన్ను పట్టిచ్చినట్టవుతుందని అది మెడ బిగబట్టి, ఎదుటి గోడనే చూస్తోంది. దానికి ఇరవై ఏళ్ళు. నాకు నలభై ఆరు.

పళ్ళెం తెల్లగుడ్డ మీద పెట్టేశాను.

"అనిపించింది" అన్నాను.

అందరూ తిరిగారు. ప్రొఫెసర్ కూడా.

"దానికి అనిపించింది. ఆ చేతిరాత నాది, చూడండి, పెర్సిద వంటింట్లో నా పచ్చడి సీసాలున్నాయి, చీటీల మీద ఇదే రాత." అది నవ్వించే మాట అనుకుని అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"అమ్మా, వద్దు" అంది యాగొద.

"ఆ రోజు కూడా వద్దనే అన్నావు" అన్నాను. నా గొంతు పైకి లేచింది. లేవనిచ్చాను, మిలూన్ వాళ్ళావిడకి కూడా వినపడాలి. "సెప్టెంబరులో ఇది నా దగ్గరికి వచ్చింది ప్రొఫెసర్ గారూ. మీతో చెప్పేస్తానంది. వచ్చే వేసవి చేస్తానంది. నేనే దాని చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. దాని చదువు కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. నాకు రాయాలనిపించింది. మీరు క్లాసులో చదివారని తెలిసి ఆ రోజంతా మురిసిపోయాను. ఈ స్లాబు గురించి రాసి, ఇది ఎవరి నెత్తి మీద ఉందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పిల్ల చెప్పిందే సరైంది. తప్పు నాది. నేను తప్పు చేశాను."